గుహ ముందు బండరాయి: ఎదుటివాళ్ల మనసును మనం ఎలా అంచనా వేస్తాం?

 

విభీషణ శరణాగతి వీడియోలో కథంతా చెప్పేశాను కానీ, ఆ ఘట్టంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతికి టైమ్ సరిపోలేదు. సముద్రపు ఒడ్డున ఒకే మనిషిని చూసి, ఆయన చెప్పిన ఒకే మాట విని, ఆరుగురు ఆరు రకాలుగా అర్థం చేసుకున్నారు. ఏడోవాడు రాముడు. ఇవాళ ఆ ఆరుగురి గురించి, ముఖ్యంగా సుగ్రీవుడి గురించి మాట్లాడుకుందాం.

మనమూ రోజూ చేసే పని ఇదే కదా. మేనేజర్‌కి గుడ్ మార్నింగ్ చెప్తే తల కూడా ఊపలేదు. ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టాం, బ్లూ టిక్ పడింది, రిప్లై లేదు. పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయి వాళ్లమ్మ కాఫీ సగంలో వదిలేసింది. మనకు దొరికింది ఇంతే, చిటికెడు సమాచారం. కానీ సాయంత్రానికి దాని చుట్టూ ఒక పెద్ద కథ తయారవుతుంది. "వాడికి నేనంటే పడదు." "దానికి ఇప్పుడు కొత్త ఫ్రెండ్స్ దొరికారు." "వాళ్లకి సంబంధం నచ్చలేదు." ఇలా చుట్టూ ఉన్న మనుషుల గురించి అందే సమాచారాన్ని మన బుర్ర ఎలా ఏరుకుంటుంది, ఎలా అర్థం చేసుకుంటుంది, అందులో ఏది గుర్తు పెట్టుకుంటుంది అని చూసే చదువుని సైకాలజీలో సోషల్ కాగ్నిషన్ అంటారు. దాని మీద పుస్తకాలు బోలెడు ఉన్నాయి. నా మటుకు నాకు, కిష్కింధకాండ 9, 10 సర్గలూ, యుద్ధకాండ 17, 18 సర్గలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే అంతకంటే మంచి పాఠం కనబడలేదు.

ముందు గుహ దగ్గరికి

మాయావి అనే అసురుడు అర్ధరాత్రి కిష్కింధ వాకిట్లోకి వచ్చి వాలిని యుద్ధానికి పిలిచాడు. అన్నదమ్ములిద్దరూ బయల్దేరారు. ఇద్దర్నీ చూసి వాడు పారిపోయి గడ్డితో కప్పేసిన ఒక బిలంలో దూరాడు. "నువ్వు ఇక్కడే ఉండు, నేను వాడి సంగతి చూసి వస్తా" అని వాలి తమ్ముణ్ణి వాకిట్లో కాపలా పెట్టి లోపలికి వెళ్లాడు.

ఒక రోజు కాదు, ఒక నెల కాదు, ఏడాది దాటింది. సుగ్రీవుడు అక్కడే ఉన్నాడు. ఒకనాడు లోపలి నుంచి నురుగుతో కలిసి రక్తం వచ్చింది. అసురుల గర్జన వినిపించింది. అన్న గొంతు వినపడలేదు. అన్న చనిపోయాడనుకున్నాడు. ఆ అసురుడు బయటికి రాకుండా కొండంత రాయి తెచ్చి గుహకి అడ్డం పెట్టి, అన్నకు జలతర్పణం వదిలి, ఏడుస్తూ ఊరికి వచ్చాడు. సంగతి దాచిపెట్టినా మంత్రులు రాబట్టారు. సింహాసనం మీద కూర్చోబెట్టారు.

ఆ తర్వాత వాలి వచ్చాడు. శత్రువుని చంపాడు, తమ్ముణ్ణి పిలిచాడు, పలుకు లేదు, తోవకు అడ్డంగా రాయి ఉంది. దాన్ని తన్ని తోసి ఇంటికొస్తే తమ్ముడు తన కుర్చీలో ఉన్నాడు. సుగ్రీవుడు కాళ్లకు మొక్కాడు, కిరీటం తీసి ఇచ్చేశాడు, జరిగింది చెప్పాడు. వాలి వినలేదు. కట్టుబట్టతో తరిమేశాడు, భార్యను లాక్కున్నాడు.

ఒక్క మాట మర్చిపోకండి. ఇదంతా సుగ్రీవుడు రాముడికి చెప్పిన కథ. గుహలో ఆ ఏడాది ఏం జరిగిందో వాలి స్వయంగా చెప్పగా మనం వినం. అందుకే నేను ఇక్కడ ఎవరి పక్షానా మాట్లాడటం లేదు. ఆ రాయిని మాత్రమే చూడమంటున్నాను.

రాయి ఒక్కటే. సుగ్రీవుడి లెక్కలో అది ఊరిని కాపాడటానికి పెట్టిన తలుపు. వాలి లెక్కలో అది తనను బతికుండగానే పాతిపెట్టిన సమాధి.

ఇద్దరి ఆలోచనా ఎక్కడ దారి తప్పిందో చూడండి. సుగ్రీవుడికి రక్తం కనబడింది, కానీ అది ఎవరి రక్తమో కనబడలేదు. మన న్యాయశాస్త్రం వాళ్లు కొండ మీద పొగ చూసి నిప్పుందని ఊహించే ఉదాహరణ చెబుతారు. పొగ నిప్పు లేకుండా రాదు కాబట్టి ఆ ఊహ నిలబడుతుంది. అదే దూరం నుంచి కనబడిన మంచునో, ధూళినో పొగ అనుకుంటే మొత్తం కూలిపోతుంది. గెలిచినా రక్తం వస్తుంది, ఓడినా రక్తం వస్తుంది. ఇలా రెండు వైపులా వర్తించే గుర్తును పట్టుకుని ఒకే వైపు తీర్మానం చేస్తే దాన్ని తార్కికులు సవ్యభిచార హేతువు అంటారు. పేరు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. బ్లూ టిక్ కూడా అదే బాపతు అని గుర్తుంటే చాలు. కోపం వచ్చినా రిప్లై రాదు, పాలు పొంగిపోతున్నా రిప్లై రాదు.

వాలి తప్పు ఇంకో రకం. తాను బతికే ఉన్నానని వాలికి తెలుసు. ఆ సంగతి తమ్ముడికి తెలియదన్న ఊహే ఆయనకు రాలేదు. బయట నిలబడ్డవాడికి ఏం కనబడింది, ఏం వినబడింది, ఎంతకాలం కాచుకున్నాడు అని ఒక్కసారి ఆ వాకిట్లో తాను నిలబడి చూసుంటే కథ మారిపోయేది. ఆయన రాయిని చూశాడు, సింహాసనాన్ని చూశాడు, నేరుగా తమ్ముడి గుణానికి వెళ్లిపోయాడు: వీడు ద్రోహి.

గుణమా? పరిస్థితా?

ఈ రెండో తప్పుకి పాశ్చాత్య సైకాలజీలో పెద్ద పేరే ఉంది. 1967లో జోన్స్, హారిస్ అనే ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. క్యూబా నాయకుడు కాస్ట్రోకి అనుకూలంగానో, వ్యతిరేకంగానో రాసిన వ్యాసాలు కొందరి చేత చదివించి, ఇది రాసినవాడి అసలు అభిప్రాయం ఏమై ఉంటుందని అడిగారు. ఏ వైపు రాయాలో పై నుంచే చెప్పారు, రాసినవాడికి వేరే దారి లేదు అని ముందే చెప్పినా కూడా, చదివినవాళ్లు "అనుకూలంగా రాశాడంటే ఎంతో కొంత అభిమానం ఉండే ఉంటుంది" అన్నట్టే అంచనా వేశారు. 1977లో లీ రాస్ దీనికి ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్ అని పేరు పెట్టాడు. ఎదుటివాడి పనికి కారణం వెతికేటప్పుడు వాడి స్వభావానికి ఎక్కువ మార్కులు, వాడి పరిస్థితికి తక్కువ మార్కులు వేస్తామన్నమాట. అదే మన విషయానికొస్తే పరిస్థితే గుర్తొస్తుంది. నేను లేటైతే ట్రాఫిక్, వాడు లేటైతే బద్ధకం.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ఒక ముచ్చట ఉంది. జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు 1984లో అచ్చయిన అధ్యయనంలో షికాగో వాళ్లనీ, మన పక్కనే ఉన్న మైసూరు హిందువులనీ పోల్చి చూసింది. తెలిసినవాళ్లు చేసిన మంచి పనో, చెడ్డ పనో చెప్పి, ఎందుకు చేశారో వివరించమంది. చిన్నపిల్లల జవాబులు రెండు చోట్లా దాదాపు ఒకలాగే ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ అమెరికా వాళ్లు "వాడి స్వభావం అలాంటిది" అనే వైపు వెళ్లారు. మైసూరు వాళ్లు "వాడి బాధ్యత అలా ఉంది, అప్పటి సందర్భం అలాంటిది" అనే వైపు వెళ్లారు. మోటార్‌సైకిల్ ప్రమాదంలో గాయపడ్డ మనిషిని ఆసుపత్రిలో వదిలి కోర్టుకు వెళ్లిపోయిన లాయరు కథ కూడా అందులో ఉంది. అమెరికా వాళ్లకు ఆయన బాధ్యత లేని మనిషి. మైసూరు వాళ్లకు ఆయన కోర్టులో హాజరు కావలసినవాడు, కంగారులో ఉన్నవాడు.

ఇది చదివి కాలర్ ఎగరేయడం సులువే. నేను మాత్రం ఎగరెయ్యను. పరిస్థితిని చూడటం పెంపకంతో వచ్చే అలవాటని ఆ అధ్యయనం చెబుతోంది. పెంపకంతో వచ్చింది వాడకపోతే పోతుంది కూడా. మన అమ్మమ్మ చుట్టాల్లో ఒకరిని తిట్టబోయి "పాపం, దాని ఇంట్లో పరిస్థితి కూడా అలాంటిదే లే" అని ఆగిపోయేది. ఎందుకంటే ఆ ఇంట్లో వంటింటి దాకా ఆమెకు తెలుసు. మనకు మాత్రం మనుషులు డీపీగా, స్టేటస్‌గా, పదిహేను సెకన్ల క్లిప్‌గా కనబడతారు. క్లిప్‌లో మనిషి ఉంటాడు, వాడి పరిస్థితి ఫ్రేమ్ బయటే ఉండిపోతుంది.

దెబ్బ తిన్నవాడి కళ్లు

సుగ్రీవుడి దగ్గరకే వద్దాం. ఋశ్యమూకం మీద తలదాచుకుని ఉండగా, నారచీరలు కట్టి, విల్లంబులు పట్టిన ఇద్దరు మనుషులు పంపా తీరాన కనబడతారు. చూడగానే సుగ్రీవుడు తేల్చేస్తాడు: వీళ్లు వాలి పంపినవాళ్లే, నన్ను చంపడానికే వచ్చారు. వచ్చింది ఎవరు? రామలక్ష్మణులు. ఆయన జీవితాన్ని నిలబెట్టబోయేవాళ్లు.

యుద్ధకాండలో సముద్రపు ఒడ్డున నలుగురు అనుచరులతో విభీషణుడు ఆకాశంలో నిలబడి ఉంటాడు. సుగ్రీవుడు ఏమంటాడు? వీళ్లు మనల్ని చంపడానికే వస్తున్నారు, సందేహం లేదు. రావణుడు పంపిన గూఢచారి.

రెండు సన్నివేశాల్లోనూ ఒకటే మూస ఉంది: ఆయుధాలతో కొత్తవాడు కనబడితే, అన్న అనేవాడు ఎవడో పంపితే వచ్చిన హంతకుడే. అందులో ఒకసారి వాలి పేరు, ఇంకోసారి రావణుడి పేరు పడింది, అంతే. ఇది పిరికితనం అని కొట్టిపారేసేవాళ్లను చూశాను. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. సొంత అన్న చేతిలో తన్నులు తిని, ఊరు పోయి, భార్య పోయి, కొండ మీద బతికిన మనిషి కళ్లు ఇంకెలా చూస్తాయి?

1980లో కెన్నెత్ డాడ్జ్ అనే సైకాలజిస్ట్ మగపిల్లలతో చేసిన ప్రయోగం గుర్తొస్తుంది. వాళ్లు పేరుస్తున్న పజిల్‌ని ఇంకో పిల్లాడు పాడుచేశాడని నమ్మించారు. కావాలనే చేశాడని స్పష్టంగా తెలిసినప్పుడు అందరికీ కోపం వచ్చింది. పొరపాటున అయిందని స్పష్టంగా తెలిసినప్పుడు దాదాపు అందరూ ఊరుకున్నారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, కావాలనో పొరపాటునో తెలియని సందర్భంలో. కొట్లాటల అలవాటున్న పిల్లలు దాన్ని కావాలని చేసినట్టే తీసుకున్నారు. అంటే, ఎదుటివాడి ఉద్దేశం తెలియని ఆ ఖాళీ ఉంది చూశారా, దాన్ని మన పాత గాయమే నింపుతుంది.

ఒడ్డు మీద చర్చ

రాముడు అందర్నీ అడుగుతాడు. ఈ భాగం మూలంలో చదవండి, ఒక మంచి మీటింగ్ ఎలా జరగాలో కూడా తెలుస్తుంది. అంగదుడు గుణదోషాలు తూకం వేసి నిర్ణయిద్దామంటాడు. శరభుడు గూఢచారిని పంపి కనుక్కుందామంటాడు. పెద్దాయన జాంబవంతుడికి వచ్చిన చోటూ, వచ్చిన వేళా నచ్చవు. మైందుడు మెల్లగా, మర్యాదగా ప్రశ్నలు అడిగి చూద్దామంటాడు. ఎవరిదీ తెలివితక్కువ మాట కాదు. ఎవరి అనుభవంలోంచి వాళ్లు మాట్లాడారు.

హనుమంతుడు చివర్లో లేస్తాడు. ముందుగా, నేను వాదం కోసమో, పోటీ కోసమో, గొప్ప కోసమో మాట్లాడటం లేదు అని చెప్పుకుంటాడు. తర్వాత ఒక్కొక్క సలహానీ పరీక్షిస్తాడు. పని అప్పజెప్పకుండా మనిషి గుణం తెలియదు, వచ్చీ రాగానే పని అప్పజెప్పడమూ తప్పే. ఎదురుగా నిలబడి పేరు చెప్పుకున్నవాడి మీదకు గూఢచారి ఎందుకు? హఠాత్తుగా ప్రశ్నలు కురిపిస్తే తెలివైనవాడికి మన మీదే శంక పుడుతుంది, నిజంగా స్నేహం కోసం వచ్చినవాడైతే ఆ స్నేహం అక్కడే చెడుతుంది. ఈ ఒక్క మాట ఇంటర్వ్యూలు చేసే హెచ్ఆర్ వాళ్లందరికీ చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇక తనకు కనబడినవి చెబుతాడు. మాటలో దుష్టత్వం తొంగిచూడలేదు. ముఖం ప్రసన్నంగా ఉంది. మోసగాడు ఇంత బెరుకు లేకుండా ఎదురుగా రాడు. ఇక్కడితో ఆగితే నాకు అంత నమ్మకం కలిగేది కాదు, ఎందుకంటే ప్రసన్నమైన ముఖంతో ముంచేసేవాళ్లనూ లోకం చూసింది. హనుమంతుడు ఆగడు. విభీషణుడి స్థానంలోకి వెళ్లి ఆలోచిస్తాడు: అక్కడ రావణుడి దోషాలు చూశాడు, ఇక్కడ నీ పరాక్రమం విన్నాడు, వాలి పోయి సుగ్రీవుడు రాజయ్యాడని విన్నాడు, తానూ రాజ్యం కోరుకుని వచ్చి ఉంటాడు. కాబట్టి చోటూ వేళా రెండూ సరైనవే.

గమనించారా? విభీషణుణ్ణి మహాత్ముడని ఆకాశానికెత్తలేదు. ఆయన పరిస్థితిలో ఉన్నవాడికి ఇలా రావడం అర్థవంతమే అన్నాడు. వాలి గుహ దగ్గర చెయ్యనిది ఇదే.

ఇంకో విశేషం. లంకలో తోకకు నిప్పంటించక ముందు, దూతను చంపకూడదని రావణుడికి అడ్డుపడి హనుమంతుడి ప్రాణం కాపాడింది విభీషణుడే. సీతమ్మను తిరిగి ఇచ్చేయమని విభీషణుడు చెబుతున్నాడని అశోకవనంలో అమ్మ కూడా చెప్పింది, ఆమెకు విభీషణుడి పెద్ద కూతురి ద్వారా తెలిసింది. ఇంత ఉన్నా ఈ ప్రసంగంలో హనుమంతుడు "నన్ను కాపాడాడు" అనే మాట ఎత్తడు. తన కృతజ్ఞతను సాక్ష్యంగా వాడుకోడు. అందరూ చూడగలిగిన వాటితోనే వాదం కడతాడు. చివర్లో నిర్ణయం రాముడికి వదిలేస్తాడు.

సుగ్రీవుడు ఇంకా ఒప్పుకోడు. కష్టంలో ఉన్న సొంత అన్ననే వదిలేసి వచ్చినవాడు ఇంకెవరిని వదలడు అంటాడు. చూడండి, అన్నదమ్ముల గొడవలో తనను ఎలా తప్పుగా అర్థం చేసుకున్నారో తెలిసిన మనిషి నోట్లోంచే ఈ మాట! రాముడు చిన్నగా నవ్వి లక్ష్మణుడి వైపు చూస్తాడు. సుగ్రీవుణ్ణి తక్కువ చెయ్యడు. శాస్త్రం చదివి, పెద్దల్ని సేవించినవాడు తప్ప ఇలా మాట్లాడలేడంటాడు. ఆ తర్వాతే రాజకుటుంబాల్లో జ్ఞాతుల మధ్య ఉండే భయం సంగతి చెప్పి, అన్నదమ్ములందరూ భరతుడిలా ఉండరు కదా అంటాడు. దోషం ఉన్నవాడైనా సరే, నన్నేం చెయ్యగలడు, శరణన్నవాడికి అభయం ఇవ్వడం నా వ్రతం అంటాడు. అంచనా తప్పినా తట్టుకోగల బలం ఉన్నవాడు దయ వైపు మొగ్గగలడు. ఇది భక్తి వాక్యం మాత్రమే కాదు, చాలా లెక్క ఉన్న మాట.

అప్పుడు సుగ్రీవుడు మెత్తబడి, విభీషణుడు శుద్ధుడని నా అంతరాత్మకీ తోస్తోంది, అనుమానం చేతా భావం చేతా అన్ని విధాలా పరీక్ష అయింది అంటాడు. ఇక్కడ తెలుగువాళ్లు ఒక్క క్షణం తడబడతారు. సంస్కృతంలో అనుమానం అంటే గుర్తుల్ని బట్టి చేసే ఊహ, జ్ఞానానికి ఒక దారి. మన వాడుకలో అనుమానం అంటే శంక. అనుమానం పెనుభూతం అనే సామెత కూడా కట్టుకున్నాం. అదే పదం మన నోట్లో పడి ఇలా ఎందుకు మారిందో భాషావేత్తలు చెప్పాలి. నాకు మాత్రం, గుహ దగ్గర నుంచి సముద్రం ఒడ్డుకు వచ్చేసరికి సుగ్రీవుడు తెలుగు అనుమానం నుంచి సంస్కృత అనుమానానికి ప్రయాణం చేశాడనిపిస్తుంది.

చాక్లెట్లు

ఇదంతా పురాణ కాలక్షేపం అనుకునేవాళ్లు 2018 జులై 13 గుర్తు చేసుకోండి. అప్పుడు దేశమంతా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో ఫార్వర్డ్‌లు. హైదరాబాద్ నుంచి కొందరు స్నేహితులు కర్ణాటక బీదర్ జిల్లాకు కారులో వెళ్లారు. దారిలో పిల్లలు కనబడితే చాక్లెట్లు ఇచ్చారు. ఇంకో నెలలో అయితే "ఎంత మంచివాళ్లో" అనే పని. ఆ నెలలో మాత్రం దానికి ఒకటే అర్థం. కారు కంటే ముందే మెసేజ్ వెళ్లిపోయింది, ముర్కి అనే ఊళ్లో దారి కాశారు. ముప్పై రెండేళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఆ గుంపు చేతిలో చనిపోయాడు. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెడుతున్నట్టు ప్రకటించింది.

ఆ గుంపులో ఉన్నవాళ్లందరూ రాక్షసులు అంటే మళ్లీ మనమూ వాలి చేసిందే చేసినట్టు. పిల్లల మీద భయం ఉన్న తండ్రులు కూడా అందులో ఉండి ఉంటారు. అంతమాత్రాన చేసింది నేరం కాకుండా పోదు. అక్కడ శరభుడి సలహా, మైందుడి సలహా ఇచ్చే ఒక్క గొంతు బలంగా వినిపించి ఉంటే, పావుగంట ఆగి ఉంటే అని మాత్రం అనిపిస్తుంది. విభీషణుడి మీదకు కూడా వానరులు చెట్లు పెరికి, రాళ్లు ఎత్తి సిద్ధంగానే ఉన్నారు. రాముడు "మీరేమనుకుంటున్నారు?" అని అడిగే సమయం వాళ్లకు దొరికింది.

వాలికి ఆ సమయం చివర్లో దొరికింది. బాణం దెబ్బతో పడి ఉండి సుగ్రీవుణ్ణి దగ్గరకు పిలిచి, నా తప్పు లెక్కపెట్టకు, విధి నా బుద్ధిని లాక్కుపోయింది, అన్నదమ్ముల ప్రేమా రాజ్యసుఖమూ రెండూ కలిసి మనకు రాసిపెట్టి లేవు అంటాడు. మెడలో బంగారు మాల తీసి ఇస్తాడు, అంగదుణ్ణి అప్పగిస్తాడు. సుగ్రీవుడు ఏడుస్తాడు. అప్పుడు ఆయనకు ఏం గుర్తొచ్చిందో తెలుసా? ఒకప్పుడు అన్న తనను చెట్టుకొమ్మతో కొట్టి కూడా, మళ్లీ ఇలా చెయ్యకు, పో అని ఊరడించి వదిలేసిన సంగతి. అన్న తనను చంపాలనుకోలేదు. ఆ జ్ఞాపకం ఇన్నేళ్లూ ఆయన దగ్గరే ఉంది. అవసరమైనప్పుడు పైకి రాలేదు.

వచ్చే వారం సుందరకాండ 10, 11 సర్గలు. రావణుడి అంతఃపురంలో మండోదరిని చూసి సీతమ్మే అనుకుని గంతులేసిన హనుమంతుడు, తన ఊహ తప్పని తనకు తానే ఎలా పట్టుకున్నాడో చూద్దాం. వీలైతే ఆ రెండు సర్గలూ చదివి రండి. తాత్పర్యం చదివినా చాలు.